మోతీ అన్న పేరు, రిజిస్ట్రార్ వెంకటనారాయణ గారి ముప్పై అయిదేళ్లు

1964వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, ఇరవై మూడేళ్ల ప్రాయంలో, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, చేతిలో నియామకపత్రంతో, శ్రీ వెంకటనారాయణ గారు మన దక్కన్ శునక వంశావళి సంఘంలో గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. అప్పట్లో మన కార్యాలయం సికింద్రాబాదులో రెండు గదుల్లో ఉండేది. 1999 జూలై ముప్పై ఒకటవ తేదీ సాయంత్రం అయిదు గంటలకు, కొండాపూరులోని ప్రస్తుత కార్యాలయంలో, ప్రధాన రిజిస్ట్రారు హోదాలో హాజరుపట్టీలో చివరి సంతకం చేసి ఆయన పదవీ విరమణ చేశారు.

ఇటువంటి వ్యాసాల్లో వీడ్కోలు సభను, పూలమాలలను, శాలువాను వర్ణించడం ఆనవాయితీ. వర్ణించడానికి నాకేమీ లేదు. సభ జరగలేదు, శాలువా కప్పలేదు. ఎందుకు జరగలేదో కార్యాలయంలో అందరూ తమకు తెలుసుననుకుంటున్నారు. తెలిసింది సగమే. వెంకటనారాయణ గారు రాసింది నిజమన్న నమ్మకమొక్కటే ఆయన ముప్పై అయిదేళ్ల సంపాదన. అది ఆఖరి నాలుగు నెలల్లో ఎలా పోయిందో, అందులో నా వాటా ఎంతో చెప్పడానికే, మన సంఘ పత్రిక ఈ సంచికకు అక్షరాలు కూర్చే సౌజన్య అనే నేను ఈ పుటలు రాస్తున్నాను.

మన పని ఏమిటో తెలియని బంధుమిత్రుల కోసం ఒక్క మాట. ఒక కుక్కపిల్లకు తండ్రి ఎవరు, తల్లి ఎవరు, తాతముత్తాతలెవరు అన్నది మూడు తరాల వరకు విచారించి, రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వేసి ఇచ్చే కాగితాన్ని వంశపత్రం అంటారు. ఆ కాగితం ఉంటే కుక్కకు ప్రదర్శనల్లో ప్రవేశం, ఊరూరా గిరాకీ. లేకపోతే ఎంతటి మేలుజాతి కుక్కయినా ఊరకుక్కతో సమానం. వెంకటనారాయణ గారు చేరిన నాటికి మన రిజిస్టర్లలో ఉన్నవన్నీ అధికారుల బంగళాల్లో పెరిగే అల్సేషియన్లు, డాబర్‌మన్లు మాత్రమే. మన నేల మీద గొర్రెలమందల వెంట తిరిగే పొడుగుకాళ్ల వేటకుక్కలకు వంశమెందుకు ఉండదని ఆ కుర్ర గుమాస్తా పెద్దల ముందు అడిగి, ఒప్పించి, 1966లో దేశవాళీ పుస్తకం అనే కొత్త రిజిస్టరును ప్రారంభింపజేశారు. ఈనాడు సంఘం గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే. అది ఆయన చలవ.

ఆ పుస్తకం కోసం ఆయన సైకిలు మీద పుప్పాలగూడ, కొండాపూరు, నానక్‌రామ్‌గూడ తిరిగేవారు. ఇప్పుడు అద్దాల భవనాలు లేస్తున్న ఈ ప్రాంతమంతా ఆనాడు రాళ్లు, తుప్పలు, మేతబీళ్లు. ఇక్కడొక రహస్యం చెప్పాలి. మన రిజిస్ట్రార్ గారికి కుక్కలంటే చచ్చేంత భయం. టేపు ఒక కొస కాపరి చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకుని కుక్క ఎత్తు కొలిచేవారట. ఓ మారు పుప్పాలగూడలో ఒక కుక్క ఆప్యాయంగా వచ్చి చేయి నాకితే, కొలత రాసుకున్న కాగితం వదిలేసి బాట దాకా పరుగెత్తి, కాసేపటికి తానే వెనక్కి వచ్చి, కాగితం ఏరుకుని, మళ్లీ మొదటినుంచీ కొలిచారట. వదిలేసిన కొలత మీద ఆయనకు నమ్మకం లేదు. ఈ కథ చెప్పి ఆయన ఎప్పుడూ నవ్వలేదు, విన్నవాళ్లమే నవ్వేవాళ్లం.

ఆ పుస్తకంలోనే మోతీ పుట్టింది. ఆ ఏడాదే పుప్పాలగూడ గొర్రెలకాపరి ఐలయ్య గంపలో మూడు పిల్లల్ని పెట్టుకుని కార్యాలయానికి వచ్చాడు. అచ్చయిన దరఖాస్తులో తండ్రి పేరు లేకుంటే స్వీకరించబడదని స్పష్టంగా ఉంది. మంద వెంట పది కుక్కలు తిరుగుతాయి, ఏది తండ్రో ఎవరు చెప్పగలరని ఐలయ్య అన్నాడు. మరీ మరీ అడిగితే, మోతీ అని ఒకటుంది, అది కావచ్చునన్నాడు. వెంకటనారాయణ గారు మోతీ అని రాశారు. అప్పటి పెద్ద గుమాస్తా గారు చూసి, ఇక తండ్రి తెలియని చోటల్లా ఇలాగే రాసుకోవచ్చునని మెచ్చుకున్నారు. అలా మొదలై 1997 వరకు ఆరువందల పన్నెండు చోట్ల మోతీ ఎక్కింది. మా కార్యాలయంలో దాని అర్థం ‘తెలియదు’ అని ప్యూను మొదలు కార్యదర్శి వరకు అందరికీ తెలుసు. కాగితం మీద అది ఎవరికీ అడ్డు రాలేదు. అయినా ఆయన ప్రతి రిజిస్టరు చివరి పేజీలో, ఏ ఏ నమోదుల్లో మోతీ ఉందో జాబితా రాసి పెట్టుకునేవారు. మోసగాడెవడూ తన మోసానికి జాబితా రాసి పెట్టుకోడని చదువరులు గ్రహించాలి.

1975లో సహాయ రిజిస్ట్రారుగా, 1986లో ప్రధాన రిజిస్ట్రారుగా ఆయన పదోన్నతి పొందారు. హోదా మారినా పని తీరు మారలేదు. సంతకం పెట్టే ముందు యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి, వంశపత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా పైకి చదివి వినిపించేవారు. కలెక్టరు గారి కారు డ్రైవరు వచ్చినా అంతే, కలెక్టరు గారే వచ్చినా అంతే. ఒక పెద్దమనిషి తన కుక్కపిల్ల పుట్టిన తేదీని ప్రదర్శనకు అనుకూలంగా రెండు నెలలు ముందుకు జరపమని ఆరు సార్లు తిరిగాడు. ఆరు సార్లూ ఆయనకు టీ ఇప్పించి, అదే తేదీ చదివి వినిపించి పంపించారు. ఈ తీరు వల్ల ఆయనకు మిత్రులు తక్కువ. కానీ ఎక్కడ వివాదం వచ్చినా, ఇది వెంకటనారాయణ గారి చేతిరాత అంటే మాట్లాడేవాడు లేడు.

1997లో మన కార్యాలయం కొండాపూరుకు మారింది. పక్కన మాదాపూరులో గుండ్రటి భవనం లేస్తుండగా, ఊరు ఊరంతా కంప్యూటరు పేరే జపిస్తుండగా, మన అధ్యక్షులు శ్రీ బుల్లిబాబు గారు వంశావళులన్నిటినీ ఇంటర్నెట్‌లో పెట్టాలని సంకల్పించారు. ప్రపంచంలో ఏ మూల కూర్చున్నవాడైనా మన దేశవాళీ కుక్కకు తాత ఎవరో చూడగలగాలన్నది వారి ఆశయం. మంచి ఆశయమే. 1998 జూన్‌లో, ప్రొద్దుటూరులో కంప్యూటరు కోర్సు ముగించుకుని వచ్చిన నన్ను ఆ పనికి నియమించారు. రిజిస్టర్లు చూసి ఎక్కించడం నా పని, చేతిరాత అర్థం కాని చోట చదివి చెప్పడం వెంకటనారాయణ గారి పని. నాకంటే ముప్పై ఆరేళ్లు పెద్దవారు, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేను అడిగిన ప్రతిసారీ కళ్లద్దాలు తుడుచుకుని చదివి చెప్పేవారు. విసుక్కోవడం ఆయనకు చేతకాదు. నాకు బాగా చేతనవును.

మొదటి వారంలోనే ఆయన తన జాబితాలన్నీ ఒక తెల్లకాగితం మీదికి ఎత్తి రాసి నా చేతికిచ్చారు.

“బిడ్డా, మోతీ అన్నది కుక్క కాదు,” అన్నారు. “మనకు ఎరుక లేదని రాసుకున్న గుర్తు. ఇంటర్నెట్ల చూసెటోనికి ఆ సంగతి తెల్వదు. ఈ పేజీలల్ల తండ్రి పేరు కాడ తెలియదు అనే పెట్టు.”

అలాగేనన్నాను. కానీ మాదాపూరు కంపెనీ వాళ్లు తయారుచేసిన ప్రోగ్రాములో తండ్రి గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. అందులో అప్పటికే నమోదైన కుక్క నంబరు తప్ప మరేదీ పట్టదు. మార్చి ఇమ్మని అడిగితే మూడు వారాలు పడుతుందన్నారు. రోజుకు అరవై నమోదులు చేయాలని నాకు లెక్క ఉంది, జనవరి ఇరవై ఆరున ఆవిష్కరణ అని ముహూర్తం ఉంది. నేను మోతీకి ఒక నంబరు సృష్టించి, ఆరువందల పన్నెండు చోట్లా అదే కొట్టుకుంటూ పోయాను. తెల్లకాగితం సొరుగులో పడేశాను. 1966లో దరఖాస్తు ఖాళీ ఒప్పుకోలేదని ఆయన ఏం చేశారో, 1998లో ప్రోగ్రాము ఒప్పుకోలేదని నేనూ అదే చేశాను. తేడా ఏమిటంటే నన్ను ముందే హెచ్చరించినవారున్నారు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా మూత పెడుతూ, మోతీ సంగతి చూసినవా బిడ్డా అని ఆయన అడిగారు.

“చూశాను సార్,” అన్నాను.

అంతకంటే ఏమీ అడగలేదు. ఒకరు చేశానంటే చేసినట్టేనని నమ్మడం ఆయన అలవాటు. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

జనవరి ఇరవై ఆరున ఆవిష్కరణ దేదీప్యమానంగా జరిగింది. మోడెము గురగురలాడి, పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంటే, తాను 1971లో రాసిన ఒక పేరును తెర మీద చూసి ఆయన కళ్లు చెమర్చాయి. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. అధ్యక్షులవారిని ఆకాశానికెత్తారు. మార్చి నెలలో ఒక విదేశీ కుక్కల సంఘం నుంచి మర్యాదపూర్వకమైన ఉత్తరం ఒకటి మెయిల్‌లో వచ్చింది. మీ దేశవాళీ పుస్తకంలోని మోతీ ముప్పై ఒక్క సంవత్సరాల పాటు సంతానాన్ని ఎలా కన్నదో, ఒకే కుక్కపిల్లకు తండ్రిగానూ, తాతగానూ, ముత్తాతగానూ ఎలా ఉన్నదో దయచేసి వివరించగలరా అని. పేరు ఒకటే, నంబరు ఒకటే కాబట్టి యంత్రం దాన్ని ఒకే కుక్క అనుకుంది. వారం తిరక్కుండా ఒక పత్రిక ‘చావులేని మోతీ’ అంటూ ఎగతాళి చేసింది. కుక్కలు కొన్నవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. రిజిస్ట్రారు ముప్పై ఏళ్లుగా దొంగ తండ్రుల్ని రాసి పెట్టాడన్నమాట ఊరంతా పాకింది.

ఏప్రిల్ పదిహేడున కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. ప్రింటవుట్లు అందించడానికి నేను గోడపక్కన నిలబడి ఉన్నాను. అధ్యక్షులవారు కోపంగా లేరు, నొచ్చుకుని ఉన్నారు. వారు చూపిన దారి చాలా సులువైనది.

“చూడండి నారాయణ గారూ, మోతీ అనే పేరుతో ఒకటి కాదు, వరసగా పన్నెండు కుక్కలు ఉండేవని ఒక్క కాగితం మీద సంతకం పెట్టండి చాలు,” అన్నారు. “తేదీలు మేం సర్దుకుంటామండి. మీ పేరూ నిలబడుతుంది, సంఘం పేరూ నిలబడుతుంది.”

సంతకం పెడితే విరమణ తరువాత కూడా జీవితాంతం గౌరవ సలహాదారు పదవి, రిజిస్టర్ల గదికి ఆయన పేరు. కాగితం ముందే టైపు చేయించి బల్ల మీద పెట్టారు. వెంకటనారాయణ గారు దాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటు చొప్పున మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. మోతీ ఒకటి, పుట్టిన తేదీ. మోతీ రెండు, పుట్టిన తేదీ. పన్నెండూ చదివి బల్ల మీద పెట్టారు.

“ఒక్క మోతీకే జవాబు చెప్పలేక నిలబడ్డ సారు, పన్నెండు మోతీలను యాడికెల్లి తేవాలె? తెల్వదు అని రాయాల్సిన కాడ పేరు రాసిన. అది తప్పే. ఇగ దాని మీద ఇంకొకటి రాయ.”

అప్పుడొక సభ్యుడు నా వైపు చూపించి, ఈ అమ్మాయికి మీరు ముందుగా ఏమీ చెప్పలేదా అని అడిగాడు. ఆయన నా వైపు తిరగలేదు.

“చెప్పలె,” అన్నారు. “యాది మర్చిన.”

తేదీ రెండు నెలలు జరపడానికి ఒప్పుకోని మనిషి, పన్నెండు కుక్కలను పుట్టించడానికి ఒప్పుకోని మనిషి, నేను ఎరిగినంతలో తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే. ఆయన రాసిచ్చిన తెల్లకాగితం నా సొరుగులోనే ఉంది. పది అడుగులు నడిచి తెచ్చి బల్ల మీద పెట్టొచ్చు. నేను పెట్టలేదు. నోరు పెగల్లేదని చెప్పుకోవచ్చు గాని, నిజం చెప్పాలంటే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రిజిస్ట్రారు ఘోర నిర్లక్ష్యం వల్ల సంఘానికి అప్రతిష్ఠ కలిగిందని, కంప్యూటరు విభాగానికి సకాలంలో సూచన ఇవ్వలేదని, కనుక వీడ్కోలు సత్కారం రద్దు చేయడమైనదని తీర్మానించారు. ఆ తీర్మానాన్ని టైపు చేసింది కూడా నేనే.

మే నుంచి జూలై దాకా ఆయన చేసిన పని ఎవరూ చేయమనలేదు. ఆరువందల పన్నెండు చోట్లా మోతీ పేరును ఎర్రసిరాతో ఒక్క గీత కొట్టి, పైన తెలియదు అని రాసి, పక్కన తేదీతో పొడి సంతకం చేశారు. ప్రతి యజమానికీ తన చేత్తోనే కార్డు రాశారు. ఆయన ఒక్కొక్కటీ దిద్దుతుంటే నేను కంప్యూటరులో దిద్దాను. మూడు వారాలు పడుతుందన్న ప్రోగ్రాము మార్పు, గట్టిగా అడిగేసరికి, రెండు రోజుల్లో అయిపోయింది. అప్పట్లో నేను గట్టిగా అడగలేదు, అంతే.

కార్డులందుకున్నవాళ్లు ఊరుకుంటారా! కొందరు ఫోనులో తిట్టారు, కొందరు స్వయంగా వచ్చి తిట్టారు. వాళ్లందరినీ కూర్చోబెట్టి, నిజమే, తప్పు నాదే అని ఆయన ఒకే మాట చెప్పేవారు. జూన్‌లో ఐలయ్య వచ్చాడు. ముసలివాడైపోయాడు, మంద లేదు, మేపిన బీడంతా ప్లాట్లయింది. 1966 నాటి వంశపత్రాన్ని అద్దం కట్టించి ముప్పై మూడేళ్లు గోడకు పెట్టుకున్నాడట. దాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“మోతీ ఉండె సారు. నేను సాదిన. లేదని ఎట్ల రాస్తిరి?” అన్నాడు.

వెంకటనారాయణ గారు పటాన్ని చేతిలోకి తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. మోతీ లేదనడం లేదు, అదే తండ్రి అని మనిద్దరికీ తెలియదు కదా అని మెల్లగా నచ్చజెప్పారు. ఐలయ్య వినిపించుకోలేదు. పటాన్ని అక్కడే వదిలి, సలాము కూడా చేయకుండా వెళ్లిపోయాడు. ఎవరి తిట్లకూ చలించని ఆయన ఆ పూట అన్నం తినలేదు.

జూలై ముప్పై ఒకటిన ఆఖరి నమోదును దిద్ది, కలం మూత పెట్టి, రిజిస్టర్ల బీరువా తాళం నా చేతికిచ్చి, చందానగర్ బస్సు కోసం కొత్తగూడ చౌరస్తా దాకా నడిచి వెళ్లారు. సాగనంపడానికి నలుగురం కూడా లేము. మిగతావాళ్లకు ఆయన పక్కన నిలబడి కనబడటం ఇష్టం లేకపోయింది.

మొన్న ఆదివారం చందానగర్‌లో వారి ఇంటికి వెళ్లాను. వారి సతీమణి శ్రీమతి బుచ్చమ్మ గారు నాకు మంచినీళ్లిచ్చి, లోపలి గదివైపు చూస్తూ గొంతు తగ్గించి చెప్పారు.

“మీ సారు పొద్దుగాల ఎనిమిదింటికే తయారై కూసుంటున్నడు బిడ్డా. యాడికి పోవాల్నో తెల్వక మళ్ల అంగీ ఇడుస్తున్నడు.”

ఆ తరువాత ఆయన వచ్చి కూర్చున్నారు. ఈ వ్యాసం సంగతి చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తానని, సమావేశంలో దాచింది బయట పెడతానని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

“రాయకు,” అన్నారు. “నా పేరు పోయింది పోయింది. నాకు ఇగ సంతకం పెట్టే పని లేదు. నీకు ముప్పై ఏండ్ల నౌకరి ఉన్నది.”

ఎందుకు సార్ నాకోసం అబద్ధమాడారు అని అడిగాను. ఎండ ఎక్కకముందే బస్సు ఎక్కమన్నారు.

వ్యాసం ప్రూఫును అధ్యక్షులవారి బల్ల మీద పెట్టాను. ఇది అచ్చయితే నా ఉద్యోగం సంగతి తాము చెప్పలేమన్నారు. ఆపమని మాత్రం అనలేదు. అందుచేత, మా రిజిస్ట్రారు గారు నేర్పిన పద్ధతిలోనే, ఈ సంచికను చదివే సహోద్యోగులకు, కుటుంబ సభ్యులకు, కుక్కల యజమానులకు ఒక దిద్దుబాటు తెలియజేస్తున్నాను. 1999 ఏప్రిల్ పదిహేడు నాటి తీర్మానంలో, కంప్యూటరు విభాగానికి సకాలంలో సూచన ఇవ్వలేదన్న వాక్యం నిజం కాదు. సూచన ఇచ్చారు. కాగితం మీద, తన చేతిరాతతో, పేజీల నంబర్లతో సహా ఇచ్చారు. అడిగి కనుక్కున్నారు కూడా. పాటించనిది నేను. చేశానని అబద్ధం చెప్పింది నేను. ఆ కాగితాన్ని ఈ ఉదయం కార్యదర్శి గారికి అప్పగించాను.

శ్రీ వెంకటనారాయణ గారు, శ్రీమతి బుచ్చమ్మ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనశ్శాంతితో నిండు నూరేళ్లు జీవించాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను. పక్కన కూర్చుని పనిచేసిన ఏడాదిలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన చెప్పినమాట నేను వినకపోవడం ఇది రెండోసారి. ఈ పుటలు ఆయన కంటబడిన రోజున, ఇన్నాళ్లకైనా, ఆయన నన్ను నోరారా తిట్టాలని కోరుకుంటున్నాను.

సౌజన్య
కంప్యూటరు విభాగం